గోడవైపు తిరిగిన కుర్చీ

1958లో ఆరు వారాలకే ఆగిపోయిన టీవీ క్విజ్ అది. జంటలు ఆడేవారు. ఒకరు తప్పు చెబితే వాళ్ల కుర్చీ గోడవైపు తిరిగిపోయేది. జంటలో రెండోవారు తర్వాతి ప్రశ్నకు సరిగ్గా జవాబిస్తేనే అది మళ్లీ ఇటు తిరిగేది. చివరిరోజు ఆట మధ్యలోనే ఆపేశారు. అప్పటికి వెర్నా అనే ఆవిడ గోడవైపే ఉండిపోయింది.

ఆ జంట కుర్చీలు ఏళ్ల తరబడి పడి ఉన్న క్లీవ్‌లాండ్ గోదాములో కాపలా కాసే ఆర్డెల్ రోజూ రాత్రి వెర్నా కుర్చీని ఇటు తిప్పేవాడు. తెల్లారేసరికి అది మళ్లీ గోడనే చూస్తూండేది. రేపు రెండు కుర్చీలనూ తుక్కు కింద అమ్మేస్తున్నారు.

"నిన్నిలాగే పంపేస్తే పాపం కదమ్మా వెర్నా," అంటూ ఆర్డెల్ పక్కనున్న ఆమె జోడీ కుర్చీలో కూర్చున్నాడు. ఆనాడు మిగిలిపోయిన ప్రశ్న కార్డు మీద దుమ్ము ఊదాడు.

"అమెరికాలో రాష్ట్రాలు ఎన్ని? ఓస్, ఇంతేనా. యాభై."

కార్డు పక్కన పెట్టి వెర్నా కుర్చీవైపు చూశాడు. ఎక్కడో కిర్రుమంది. తను కూర్చున్న కుర్చీయే మెల్లగా గోడవైపు తిరుగుతోందని ఆర్డెల్‌కు అర్థమైంది.

పక్కనుంచి ఒక ఆడగొంతు జాలిగా అంది.

"అయ్యో, నలభై ఎనిమిదేనండీ. అలాస్కా, హవాయి ఇంకా కలవలేదుగా. ఇప్పుడు మనిద్దరి కోసం ఎవరు చెబుతారు?"