ఒకే వరుస

ఆ ఇంట్లో ఆ ఉదయం గొడవ దువ్వెన మీద.

"నా దువ్వెన ఏది?" తడి జుట్టుతో స్నానాలగది గుమ్మంలో నిలబడి అడిగింది అత్తగారు.

"అద్దం దగ్గరుంది కదా అత్తయ్యా."

"అది మనవరాలిది."

"రెండూ నీలం రంగువే, ఒకే కొలతవే. రెండెందుకని ఒకటి పారేశాను."

"ఒకలా ఉంటే ఒకటే అయిపోతాయా? నీ సర్దుడు పిచ్చి బాగా ముదిరింది. రేపు నన్నూ మీ అమ్మనీ పక్కపక్కన చూసి, ఇద్దరూ తెల్లజుట్టువాళ్లే కదా అని ఒకరిని సాగనంపేలా ఉన్నావు!"

మనవరాలు పకపకా నవ్వింది.

కోడలూ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆమెకు ఆ పెద్దాయన గుర్తొచ్చాడు.

ఆమె పనిచేసేది ఉచితంగా ఆపరేషన్లు చేసే కంటి ఆసుపత్రిలో. అక్కడ అందరూ ఆమెను కంప్యూటరమ్మ అంటారు.

ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఉన్న శిబిరాల నుంచి రోగుల పేర్లతో రెండు ఫైళ్లు వస్తాయి. ఇదివరకు వాటిని కలిపి రాయడానికి ఇద్దరు మనుషులు పూటంతా తలలు పట్టుకునేవారు. ఆమె వచ్చాక నల్లటి తెర మీద 'సార్ట్' అని ఒక్క ఆదేశం కొడుతుంది. రెండు ఫైళ్లూ కలిసిపోయి, పేర్లన్నీ అక్షరక్రమంలో బారులు తీరతాయి. ఒకే వరుస రెండుసార్లు వస్తే ఒకటి తీసెయ్యమని కూడా అందులోనే చెబుతుంది.

గోడకి అంటించే జాబితా ఒక్క కాగితంలో పట్టాలని, చిరునామాలూ వృత్తులూ ముందే కత్తిరించేస్తుంది. పేరు, వయసు, ఏ కన్ను. అంతే. అది చూసి శిబిరంవాళ్లు ఒక్కో పేరుకి ఒక్కో పిలుపు చీటీ ఇస్తారు.

"కంప్యూటరమ్మ చెయ్యి పడితే ఏదైనా కడిగిన ముత్యమే" అని పెద్ద డాక్టరే మెచ్చుకున్నాడు.

అలా అంటించిన జాబితా చూసి, కొన్ని వారాల కిందట ఆ పెద్దాయన ఆమె కూర్చునే గది కిటికీ దగ్గరకు వచ్చాడు. ఎడమ కన్ను మసకబారి ఉంది. చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ పేరు గోడ మీద ఒక్కసారే ఉంది. రెండుసార్లు ఉండాలి."

"ఎవరి పేరు? మీదేనా?"

"నాదే. కానీ..."

"అయితే రెండు శిబిరాల్లోనూ పేరిచ్చారన్నమాట! చెయ్యాల్సింది ఒక కంటికి, ఆపరేషన్లు రెండు కావాలా పెద్దాయనా?"

బెంచీల మీద వాళ్లంతా గొల్లుమన్నారు. ఆమెకు తన చమత్కారం తనకే ముచ్చటేసింది.

"అది కాదమ్మా, ఒక్క మాట విను."

"మెషీన్ తప్పు చెయ్యదు."

"మెషీన్‌ని నేనేమీ అనలేదు తల్లీ."

జేబులోంచి ఏ పెద్దమనిషి సిఫారసు ఉత్తరమో తీస్తాడనుకుని ఆమె ముఖం తిప్పుకుంది.

మర్నాడు మళ్లీ ఆయన వస్తుంటే చూసి, కిటికీకి 'భోజన విరామం' బోర్డు తగిలించింది. అప్పటికింకా పొద్దుటి టీ కూడా రాలేదు.

ఆయన కాసేపు ఆ బోర్డుకేసి చూసి, వెళ్లిపోయాడు.

దువ్వెన గొడవైన ఈ రోజు, ఆసుపత్రికి వెళ్తూనే ఆమె కత్తిరించని పాత ఫైళ్లు రెండూ తెరిచింది.

అదే పేరు. అదే వయసు. అదే ఎడమ కన్ను.

చిరునామాలు మాత్రం వేరు. ఒకరు వడ్రంగి, ఒకరు దర్జీ.

ఇద్దరు మనుషులు! వాళ్లను ఒకే వరుసగా మార్చింది ఆమే. అందులో ఒకరిని తుడిచేసిందీ ఆమే. మెషీన్ చెప్పిన మాట విన్నది, అంతే.

"ఈ పేరుతో ఆపరేషన్ ఎవరికైంది సిస్టర్?"

"దర్జీకి. ఇవాళే కట్టు విప్పాం."

అంటే కిటికీ దగ్గరకు వచ్చింది వడ్రంగి. ఫైలు పట్టుకుని పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది. చేసిన పని దాచకుండా చెప్పింది.

ఆయన కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈయనకి జబ్బు అప్పటికే ముదిరి ఉందమ్మా, అది ఆగదు. ఎడమ కంటికి వేళ మించిపోయింది. వెంటనే తీసుకొస్తే కుడి కన్నైనా నిలబెట్టొచ్చు."

బయట హాల్లో దర్జీ తన చొక్కా అంచు కళ్ల దగ్గర పెట్టుకుని, కుట్టు చూసి మురిసిపోతున్నాడు. వడ్రంగి గురించి ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకి అతను చాలాసేపు జవాబు చెప్పాడు. వింటూ వింటూ ఆమె బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు జనం గొల్లుమన్న బెంచీ అదే.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారి కంచం పక్కన కొత్త నీలం దువ్వెన పెట్టింది. గెలిచినట్టు చూడబోయిన అత్తగారు కోడలి ముఖం చూసి, "ఏమైంది?" అని అడిగింది.

ఆమె ఆసుపత్రిలో తను చేసిందంతా చెప్పి, చివర ఇలా అంది: "రేపు నేను ఆ వడ్రంగి ఇంటికి వెళ్తున్నాను. ఆయన ముందు నా తప్పు ఒప్పుకుంటాను. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొస్తాను."

భర్త నోటి దాకా వెళ్లిన ముద్ద ఆపాడు. "డాక్టరుకి చెప్పావు కదా, ఇంకెవరినైనా పంపిస్తారు. నువ్వే వెళ్లి తల వంచుకోవడం ఎందుకు?"

"అది ఇప్పటికే వంగి ఉందండీ."

"అయ్యో పాపం!" అత్తగారు నిట్టూర్చింది. "ఆ మహానుభావుడి పేరు చెరిపేసి, ఆయన్నే నలుగురిలో నవ్వులపాలు చేశావా?"

"ఆయన పేరు చెరగలేదు అత్తయ్యా. చెరిగింది దర్జీ పేరు. పిలుపు చీటీ వచ్చింది వడ్రంగికే." ఆమె కంచం పక్కకి జరిపింది. "'చెక్క నా చేతికి తెలుస్తుంది, సూదిబెజ్జం నీ కంటికే కనపడాలి' అని, గోడ దగ్గర పరిచయమైన దర్జీకి తన చీటీ ఇచ్చి పంపాడట. నా కిటికీ దగ్గర నిలబడినప్పుడు ఆయన జేబులో ఉన్నది ఆ చీటీయే."