మౌలా అలీ వంతు

“సేట్ ఊకె అడుగుతలేడు. కిరాయిస్తడు, మన బాయి సుత బాగు చేయిస్తడు. మైదానం ఆయన కట్టెల అడితికిద్దాం,” అన్నాడు పెద్దమనిషి జంగయ్య.

బోయిగూడ బస్తీలో పెళ్లి వంట వండినా, శవాన్ని దించినా ఆ మైదానంలోనే. పట్నంలో కట్టెల ధర పెరిగాక సేట్ కన్ను దానిమీద పడింది.

“మరి మౌలా అలీని అడగొద్దా?” అంది దేవమ్మ.

“పోలీస్ యాక్షన్ల ఇల్లిడిచి పోయినోడు, ఏడాదైనా పత్తా లేడు. పోయినోళ్ల మాట మనకెందుకు వదినె? షురూ చెయ్యుండ్రి.”

బస్తీ రివాజు ప్రకారం, అరుగు మీద కూర్చున్న వరుసలోనే ఒకరి తర్వాత ఒకరు మాట చెప్పాలి. అందరూ సరేనంటేనే పని జరిగేది.

“ఇద్దాం,” అన్నాడు వడ్ల బ్రహ్మచారి.

తర్వాత బుచ్చమ్మ చెప్పాలి. ఆమె తన పక్కనున్న చోటు వైపు చూసింది. ఆమెకూ బ్రహ్మచారికీ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అది మౌలా అలీ కూర్చునే చోటు. మాట చెప్పేముందు ఆయన చాలాసేపు దగ్గేవాడు. ఆ దగ్గు తెరిపి ఇచ్చేదాకా బస్తీ అంతా ఓపిక పట్టేది.

ఇప్పుడూ పట్టింది. కొందరు ఎండలో నిలబడే ఉన్నారు గానీ, ఆ ఖాళీలో ఎవరూ కూర్చోలేదు.

“ఏందీ, ఎవరి కోసం ఆగిన్రు?” అంటూ, అప్పటిదాకా అవతల నిలబడి చూస్తున్న సేట్ విసుగ్గా వచ్చి అక్కడ కూర్చోబోయాడు.

జంగయ్య చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“జెర ఆగు సేట్. మౌలన్న ఇంకా చెప్పలే.”