కొనే మనిషి

“చూడు బావా, ఇవాళా కొనేవాడు లేడు.”

గడియారాలు బాగుచేసే తమ్ముడు తన ఫోనును బావ ముందుకు తోశాడు. ఈ వారంలో అడ్వాన్సు కట్టకపోతే అతను చూసుకున్న దుకాణం చేజారుతుంది. పొదుపంతా బావ చూపించిన ఒక బుల్లి కంపెనీ షేర్లలో ఉంది.

“కంగారుపడకురా. చిన్న కంపెనీ అన్నాక ఓపిక కావాలి. మనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ధర పెరిగిందా, లేదా?”

“పెరిగింది. అమ్ముదామంటేనే దిక్కు లేదు.”

అంతలో తెర మీద ఒక కొనుగోలు ఆర్డరు కనిపించింది. అడ్వాన్సుకు సరిగ్గా సరిపోతుంది.

“వచ్చాడ్రా మహానుభావుడు! నొక్కు, మళ్ళీ మనసు మార్చుకుంటాడు!”

లోపలి గదిలోంచి అక్క తన ఫోను పట్టుకుని ఉత్సాహంగా వచ్చింది.

“ఏమండీ, ఆర్డరు పెట్టడం నేనూ నేర్చేసుకున్నా. కుట్టుపని మీద దాచిందంతా ఇప్పుడే ఆ షేర్ల మీద పెట్టేశా. మీకు జీతం వచ్చి మీరు కొన్నా, వీడు కొన్నా ఆ రోజు ధర పెరుగుతోందిగా. నేనూ ఓ చెయ్యి వేద్దామని!”

బావ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“అంటే, మనం కొన్న రోజే పెరిగిందా?” అన్నాడు.

తమ్ముడి వేలు ఇంకా అమ్మకం బొత్తాం మీదే ఉంది. నొక్కితే దుకాణం తనదవుతుంది. అక్క ముఖంలోకి చూసి, వేలు తీసేశాడు.

“ఆ ఆర్డరు రద్దు చెయ్యక్కా.”

“ఏంరా, ఎక్కువ ధర పెట్టానా?”

“కాదక్కా. నీ తర్వాత కొనేవాళ్ళెవరూ లేరు.”