వద్దన్నవాడు

“మింగీకు! ఆ మాత్ర మింగీకు!”

అరుణశ్రీ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాతపట్నం బస్సు ఇంకా కదలలేదు. కన్నవారింటి నుంచి భర్త ఉమాశంకర్‌తో అత్తవారింటికి తిరిగి వెళుతోంది. ఉమాశంకర్ నీళ్ల సీసా కొనడానికి దిగాడు. అతను వచ్చేలోగా మాత్ర మింగేయాలన్నది ఆమె తొందర.

ఎప్పుడు ఎక్కాడో, ముప్పయ్యేళ్ల మనిషి ఒకడు మీదికి వంగి నిలబడ్డాడు. ఆమె మొహంకేసి చూడటం లేదు. చేతిలోని మాత్రల అట్టనూ, ఐదో నెల పొట్టనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఫిట్స్ మాత్ర! నాకు తెలుసు! ఫిట్స్ మాత్ర!”

ఆమె గబుక్కున చుట్టూ చూసింది.

చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పెళ్లిలో అత్తవారికి చెప్పలేదు. “మాత్ర ఒక్క పూటా మానకు. ఎవలికీ సెప్పకు” అని తల్లి ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు వీడెవడో బస్సంతా వినేలా అరుస్తున్నాడు.

అతను అట్ట లాక్కోబోయాడు. ఆమె కెవ్వున అరిచింది.

ఉమాశంకర్ పరుగెత్తుకొచ్చాడు. “ఏటైనాది?”

అట్టను పిడికిట్లో దాచేసింది.

“ఈడు... నా బ్యాగు లాగుతన్నాడు.”

ఇంకేముంది. కాలర్ పట్టి కిందికి ఈడ్చారు. మొదటి దెబ్బ ఉమాశంకర్‌ది. తక్కినవి ఎవరెవరివో.

కిందపడ్డాక కూడా అతని మాట అతనిదే. “వొద్దు... బిడ్డ బుర్ర... బిడ్డ బుర్ర...”

బస్సు కదిలింది.

“పిచ్చోడిలాగున్నాడు. బెంగెట్టుకోకు” అన్నాడు ఉమాశంకర్.

ఆమె తలూపింది. పాతపట్నం వచ్చినా ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

బిడ్డ బుర్ర అన్నాడేమిటి?

ఇంటికి రాగానే పెరట్లోకి పోయి తల్లికి ఫోన్ చేసింది.

“ఇన్నేళ్లు మింగినావు, నీకేటైనాదే? పిచ్చోడి మాట పట్టుకుంటావేటి?” అంది తల్లి.

తల్లి పెట్టేసింది. అరుణశ్రీ ఫోన్‌లోనే ఆ మందు పేరు కొట్టి చదివింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు, చెమటలు పట్టడానికి.

మింగితే బిడ్డకేమవుతుందో. మింగకపోతే తనకేమవుతుందో. ఎవర్నడగాలి? అడిగితే జబ్బు బయటపడుతుంది.

ఆ పూట మింగలేదు. మర్నాడూ మింగలేదు. లోపల బిడ్డ కదిలినప్పుడల్లా ఉలిక్కిపడింది.

ఆ మరుసటి ఉదయం పొయ్యి దగ్గర విరుచుకు పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి తల అత్త అసిరమ్మ ఒడిలో ఉంది. నాలుక తెగి నోరంతా ఉప్పగా ఉంది. ఎదురుగా మొగుడు, ఆమె దాచిన మాత్రల అట్ట చేతిలో పట్టుకుని.

అయిపోయింది, అనుకుంది. కన్నవారింటికి పంపేస్తారు.

“ఏటే తల్లీ, ముందే సెప్పకూడదేటే! పొయ్యిలో పడిపోతే ఏటి గతి!” అసిరమ్మ ఏడుస్తోంది. “ఒరే, నిలబడిపోయేవేటిరా? బండి పిలు!”

శ్రీకాకుళంలో డాక్టరమ్మ మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇవి ఎవరు రాశారమ్మా?”

“చిన్నప్పుడు రాసిన చీటీయేనండి. నాన్న అదే చూపించి తెస్తారు.”

“అన్ని ఫిట్స్ మందులూ ఒకటి కాదు. ఈ రకం మాత్రం కడుపులో బిడ్డ మెదడు మీద పనిచేస్తుంది. కొందరు పిల్లలకి మాట ఆలస్యం. కొందరికి చదువు అందదు. నలుగురిలో మెలగడం రాదు. అలాగని నీ అంతట నువ్వు మానేయడం ఇంకా ప్రమాదం. నీకూ, బిడ్డకీ. నేను దగ్గరుండి మందు మారుస్తాను.”

“ఇప్పటిదాకా మింగినవో?”

డాక్టరమ్మ అట్టను బల్ల మీద పెట్టింది.

“అందరికీ అలా అవ్వాలని లేదు. మెదడు నెలలు నిండేదాకా ఎదుగుతూనే ఉంటుంది, ఇప్పటికైనా తెలియడం మేలే. మిగతాది పుట్టి, పెరిగాకే తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఈ మాట నీకు ఒక్కరూ చెప్పలేదా?”

“ఒకలు సెప్పినారండి” అంది అరుణశ్రీ. “కొట్టించీసినాను.”

ఉమాశంకర్ తల దించుకున్నాడు.

ఆసుపత్రి నుంచి తిన్నగా కాంప్లెక్స్‌కి వెళ్లారు. బస్సులో అరిచిన మనిషి అక్కడ లేడు. టీ కొట్టామె వెనక వీధి చూపించింది. “గంగరాజా? ఆ దెబ్బలు తిన్న కాణ్ణుంచి రావట్లేదమ్మా.”

ఇంటి ముందు ఒకామె చేపల గంప కడుగుతోంది. గంగరాజు తల్లి, కూర్మమ్మ. వీళ్లెవరో విన్నాక కూడా అరవలేదు. తిట్టలేదు. చేతులు తుడుచుకుని, లోపల గడియ వేసుకున్న గది తలుపు వైపు చూసింది.

లోపలి నుంచి ఒకటే మాట వినిపిస్తోంది.

“బ్యాగు లాగలేదు. నాను బ్యాగు లాగలేదు.”

ఉమాశంకర్ తలుపు మీద చెయ్యి వేశాడు. “అన్నా, తప్పైపోనాది. ఒక్కసారి బయటికి రా.”

మాట ఆగిపోయింది. లోపల ఏదో బరువైనది తలుపుకి అడ్డంగా జరుపుతున్న చప్పుడు.

“ఇంక రాడు నాయనా” అంది కూర్మమ్మ. “మడుసుల్ని సూస్తే బయమైపోనాది ఆడికి.”

అరుణశ్రీ రెండు చేతులూ పొట్టకి అదుముకుంది. “ఆ మాత్రల సంగతి ఈయనకెలగ తెలిసిందమ్మా?”

కూర్మమ్మ గుమ్మం మీద కూలబడింది.

“నాకూ మూర్సలే తల్లీ. తోటోళ్లందరికీ సదువొచ్చింది, నాకేల రాలేదమ్మా అని రోజూ ఏడిసేవోడు. ఇంక దాయలేక ఓ రోజు ఆ అట్ట ఆడి సేతిలో ఎట్టి సెప్పీసినాను... నువ్వు నా కడుపులో ఉన్నన్నాళ్లూ నాను మింగింది ఇయ్యేరా నాయనా, అని.”