గంప కింద చిల్లంగి

"ఇంకోటి పోయిందండీ!"

పాలేరు అబ్బులు గంప ఎత్తి పట్టుకుని అరిచాడు. కనకమ్మ పరుగున వచ్చి చూసింది. కోడిపిల్ల బోర్లా పడి ఉంది. తోక కింది నుంచి పొట్టదాకా బోలుగా ఉంది. లోపల పేగుల్లేవు. మిగిలిన పదకొండూ కుంపటి చుట్టూ చేరి కియ్యి కియ్యిమంటున్నాయి.

అవి బంగారరాజుగారి డేగ పుంజు పిల్లలు. పందేలకు పెంచే జాతి. తల్లికోడిని బావురుపిల్లి ఎత్తుకుపోయాక వాటిని సాకే పని కనకమ్మ మీద పడింది. మూడు రోజుల్లో మూడు పోయాయి.

"రాయి పెట్టేవా గంప మీద?" కేక విని వచ్చిన రాజుగారు కనకమ్మను అడిగారు.

"పెట్టేనండీ. పెట్టిన రాయి పెట్టినట్టే ఉందండీ."

"పామేమో?"

"పామైతే మింగేస్తదండీ, ఇలా తొలిచి వదలదండీ," అని అబ్బులు గొంతు తగ్గించాడు. "ఇది చిల్లంగి అండీ బాబుగారండీ. ఎవరో మంత్రం పెట్టేరండీ. అటుమొన్న పోలమ్మ పాకలోకి తొంగిచూసి, 'ఎంత ముద్దుగా ఉన్నాయో' అందండీ. ఆ మర్నాడే మొదలైందండీ."

పోలమ్మ ఊరికి మంత్రసాని. ముసలిది, వెనకా ముందూ ఎవరూ లేనిది. కనకమ్మ ఇద్దరు బిడ్డలకీ బొడ్డు కోసింది ఆ చేతులే. ఇంకో గడియకల్లా ఆ చేతులను వెనక్కి విరిచి కళ్ళం పాకలో గుంజకు కట్టేశారు.

"రేపు పొద్దుటికి ఇంకో పిల్ల పోయిందా, ముసల్దాని ముందరి పళ్ళన్నీ పీకించేస్తాను. పళ్ళు లేకపోతే మంత్రం నోట పలకదు," అన్నారు రాజుగారు.

"అమలాపురం ఠాణాకి తెలిస్తే కంపెనీ దొరలు ఊరుకోరేమోనండీ," అంది కనకమ్మ.

"ఠాణా కాలవకి అవతల. నా కోళ్ళు ఇవతల."

ఆయన వెళ్ళిపోయారు. కనకమ్మ పాక తలుపు దగ్గరగా వేసి, మట్టినేల మీద బోర్లా పడుకుని గంప బద్దల సందులోంచి లోపలికి చూసింది. చిల్లంగి కళ్ళకు కనబడుతుందో లేదో ఆమెకు తెలియదు. కనబడితే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు.

పొద్దెక్కింది. చూరు సందులోంచి ఎండ గంప మీద పడింది. కుంపటి సెగా, ఎండా కలిసి లోపల ఉక్కపోసింది. పిల్లలు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. ఒకదాని తోక దగ్గర కొత్తగా వస్తున్న ఈక విరిగి చిన్న నెత్తురు చుక్క కనిపించింది. ఎండలో ఎర్రగా మెరిసింది. పక్కనున్న పిల్ల దాన్ని ఒక్క పోటు పొడిచింది. నెత్తురు ఇంకాస్త వచ్చింది. ఇంకోటి వచ్చి పొడిచింది. చూస్తుండగానే అన్నీ దాని మీద పడ్డాయి.

కనకమ్మ చప్పున గంప ఎత్తి, ఆ పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది. మిగిలినవి నెత్తురంటిన ముక్కులు పైకెత్తి ఆమె వంక చూశాయి.

అలాగే అబ్బులు దగ్గరికి పరిగెత్తింది. "చిల్లంగి కాదు మావా! అవే ఒకదాన్నొకటి తింటన్నాయి!"

అబ్బులు నవ్వాడు. "ఒక తల్లి పిల్లలు ఒకదాన్నొకటి తింటాయంటే రాజుగారు నమ్ముతారా? ముసల్దాన్ని తప్పించాలని చూస్తన్నావంటారు. నోరు మూసుకుని పని చూసుకో."

ఇక మాటలతో లాభం లేదు. పొద్దుటికి పదకొండూ బతికుండాలి.

వేపాకు నూరి, అందులో పొయ్యి మసి కలిపి దెబ్బ తగిలిన పిల్లకు పట్టించింది. ఎరుపు కనబడకూడదు, పొడిచినా నోరు చేదెక్కాలి. దాన్ని వేరే బుట్టలో పెట్టింది. మిగిలిన పదింటినీ అయిదేసి చొప్పున రెండు పెద్ద గంపల కింద సర్దింది. సెగ ఎక్కువైతే ఎడంగా జరిగేలా కుంపట్లను ఒక వారకు పెట్టింది. ఎండ పడకుండా చాపలు కప్పింది. పొడవడానికి మునగాకు రెబ్బలు వేలాడదీసింది. నూకల్లో రొయ్యపొట్టు కలిపి చల్లింది. పిల్లలు ఒకదాన్నొకటి వదిలి ఆకులను పొడవసాగాయి.

సాయంత్రం కళ్ళం పాకలో ముసలిదానికి గంజి పట్టబోతే తాగలేదు.

"తెల్లారితే నా నోరుండదంట కదే," అంది పోలమ్మ.

"ఉంటది పెద్దమ్మా. నేనున్నాను కదా."

ఆ రాత్రి కనకమ్మ కన్ను మూయలేదు. గంపలో చప్పుడైనా భయమే, చప్పుడు ఆగినా భయమే.

తెల్లవారగానే రాజుగారు వచ్చారు. వెనక అబ్బులు, మరో నలుగురు ఉన్నారు. కనకమ్మ గంపలు ఎత్తింది. అయిదు, అయిదు. బుట్టలోంచి మసి పూసుకున్న పదకొండోది మెడ సాచి చూసింది.

రాజుగారు వంగి మళ్ళీ లెక్కపెట్టారు.

"ఒక్కటీ పోలేదా?"

"పోలేదండీ. చిల్లంగి కాదండీ బాబుగారండీ. ఇరుకైపోయి, ఉక్క పట్టక, నెత్తురు చూసి అవే పొడుచుకున్నాయండీ. పసరు రాసి, విడదీసేనండీ."

"మూడు రోజుల నుంచీ ఎవరివల్లా కానిది, నువ్వు చెయ్యి పెట్టగానే ఆగిపోయిందా?"

"ఆయ్! ఆగిపోయిందండీ!" అంది కనకమ్మ. ఆమె మొహంలో మూడు రోజుల తర్వాత మొదటిసారి వెలుగొచ్చింది.

రాజుగారు మసి పూసిన పిల్లను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బుట్టలో పెట్టేశారు.

"ముసల్దాని కట్లు విప్పెయ్, అబ్బులూ."

కనకమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. రెండు చేతులూ జోడించి ఆయన కాళ్ళ మీద పడింది.

రాజుగారు చప్పున రెండడుగులు వెనక్కి వేశారు. "చిల్లంగి తియ్యడం వచ్చినదానికి పెట్టడం రాదంట్రా? దీన్ని కట్టండి!"