పిలవని రిజిస్టరు

గ్రాఫిక్స్ చిప్పులో అంకెలు దాచుకునే ముప్పై రెండు రిజిస్టర్లకు చిప్పు భాషలో నేను రాసిన అసెంబ్లీ కోడు ఒకటే ఆజ్ఞ ఇచ్చింది: "తలా ఒకటి కలుపుకోండి." చివరిదాన్ని మాత్రం పిలవకుండా పక్కన కూర్చోబెట్టింది. అది కదలకూడదు. అదీ నా మహత్తర పరీక్ష.

"అక్కా, చివరిది కూడా కలిపేసుకుంది," అన్నాను టీమ్ లీడుతో.

"పిలవకుండానే? తప్పేగా! రిపోర్టు రాసెయ్," అని, మిగతా అందర్నీ వెంటేసుకుని టీకి వెళ్లిపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నన్నెవరూ టీకి పిలవలేదు.

"పిలవకపోయినా వెళ్లి అందరితో కలిసింది," అని రాశాను. రాసింది మళ్లీ చదువుకున్నాను. లేచాను.

క్యాంటీన్‌లో నన్ను చూడగానే నవ్వులు ఆగాయి.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"చిప్పు తెగులు అంటుకుందక్కా."

అక్క నవ్వలేదు. పక్క కుర్చీలోని తన బ్యాగు మాత్రం తీసి ఒళ్లో పెట్టుకుంది.