మేడ మీద బోధన్ బండి

కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా సురేందర్‌కు తెలియదు. బోధన్ బండి ఎడపల్లికి కాస్త ఆలస్యంగా చేరితే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

ఆ బండి నడిచేది వాళ్ల మేడ మీదే.

రెండు గదుల మధ్య గోడ పడగొట్టి, హాలంతా బల్లలు వేసి, నిజామాబాద్ నుంచి బోధన్ దాకా బొమ్మ రైలు లైను పరిచాడు. చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీలో అగరొత్తి పొగ. చెరుకు తోటలు భార్య లత చీపురు నుంచి, పసుపు చేలు ఆమె పసుపు డబ్బా నుంచి వచ్చాయి. చూడటానికి రుద్రూర్ నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. వాళ్లకు చాయ్ మాత్రం లత పెట్టేది.

"ఇంత ఊరు కట్టినవు. బట్టలారేసెతందుకు దండెం కట్టే జాగ లేదు."

"తప్పు నాదే," అనేవాడు సురేందర్.

ఆ ఇంట్లో తప్పు ఒప్పుకునే పని మొదటి నుంచీ ఆయనదే. లతకు ఆ అలవాటు లేదు.

కొన్నాళ్లుగా లతకు ఒక భయం పట్టుకుంది.

ఎదురుగా ఆత్మారాం పాన్ డబ్బా దగ్గర ఒక ముసలాయన నిలబడుతున్నాడు. మధ్యాహ్నం మేడ మీద బండి కూత వినబడగానే వస్తాడు. పై కిటికీ వైపు చూస్తూ, ఆకుపచ్చ తువ్వాలు పట్టుకుని చెయ్యి చాపుతాడు. కాసేపటికి దాన్ని మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోతాడు.

ముసలివాళ్ల మెడలో బంగారం చూసి ఇళ్లలో దూరే ముఠా తిరుగుతోందని కాలనీ వాట్సాప్‌లో అప్పటికే వచ్చింది.

మధ్యాహ్నం పూట మేడ మీద, కూలర్ ముందు, రైలు బల్ల పక్కనే పడుకునేది అత్తగారు లింగవ్వ. ఆమెకు చెవులు వినబడవు. ఆమె మెడలో బంగారు గుండ్లు మాత్రం ఎంత దూరానికైనా కనబడతాయి.

"వాడు ఎవనికో సైగ చేస్తుండు," అంది లత.

"ఉడుకపోస్తే ఇసురుకుంటుండేమో."

"కదలకుంట పట్టుకుంటె గాలి ఎట్లొస్తది?"

సురేందర్ అప్పటికే ఇంజను చక్రానికి నూనె వేస్తున్నాడు.

ఆ రోజు రంగు డబ్బా కొనడానికి బజారుకు పోతూ చెప్పాడు. "బండి నడుస్తనే ఉండని. కొత్త ఇంజను, అలవాటు కావాలె."

లత కింద గదిలో పప్పు ఏరుతూ పరదా సందులోంచి చూసింది. ముసలాయన ఉన్నాడు.

చెయ్యి చాపి నిలబడ్డవాడు ఉన్నట్టుండి తువ్వాలు కింద పడేశాడు. రెండు చేతులూ తల పైకెత్తాడు. నోరు కదులుతోంది, వాషింగ్ మెషీన్ హోరులో మాట వినబడలేదు. ఎత్తిన చేతులు దించకుండా సూటిగా ఈ ఇంటివైపే రోడ్డు దాటాడు.

లత పరుగున పోయి తలుపు వేసింది. బోల్టు పెట్టింది. పక్కింటి వెంకటికి ఫోన్ చేసింది.

"వెంకటన్నా, దొంగ. ఇంట్ల సొచ్చిండు. జల్ది రా."

బయటి మెట్ల మీద అడుగులు. పైకి.

అత్త పైనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

బోల్టు మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కదలలేదు. పైన ఏదో పడ్డ చప్పుడు. అత్త కేక.

మళ్లీ అడుగులు. ఈసారి కిందికి, బరువుగా.

కిటికీలోంచి చూస్తే, ముసలాయన లింగవ్వను రెండు చేతుల మీద ఎత్తుకుని దిగుతున్నాడు. గుండ్ల కోసం వచ్చేవాళ్ల గురించి లత విన్నది గానీ, అత్తగారినే ఎత్తుకుపోయేవాడు ఒకడుంటాడని ఏ వాట్సాప్‌లోనూ రాలేదు.

వెంకటి కట్టెతో వచ్చాడు, వెనుక ఇంకొందరు. ముసలాయన లింగవ్వను అరుగు మీద కూర్చోబెట్టాడో లేదో, భుజం మీద దెబ్బ పడింది. ఆయన ఆ చేత్తోనే పైకి చూపించాడు. ఎవరూ చూడలేదు.

"కొట్టుండ్రి, దొంగ," అని కిటికీలోంచి అరిచింది లతే.

దగ్గు ఆగాక లింగవ్వ నోరు విప్పింది. "ఆయన్నెందుకు కొడుతుండ్రు? నన్ను పసిపిల్ల లెక్క ఎత్తుకొని దించిండు. మీల ఎవనికన్న శాతనయితదా?"

అప్పుడు తలలు పైకి లేచాయి. మేడ కిటికీ నిండా పొగ.

మలుపులో బండి పట్టాలు తప్పి చిమ్నీని పడగొట్టింది. అగరొత్తి చెరుకు తోటలో పడింది. చీపురు పుల్లలు అంటుకుని, పరదా అంటుకుని, మంట లింగవ్వ పరుపు దాకా వచ్చింది.

బకెట్లతో ఆర్పి దిగేసరికి ముసలాయన లేడు. రోడ్డు మీద ఆకుపచ్చ తువ్వాలు పడి ఉంది.

దొంగ పడ్డాడన్న మాట విని సురేందర్ ఉరుక్కుంటూ వచ్చాడు. "ఎవడు వాడు? ఏం జేసిండు?"

లత రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

తిండికి పోయి అప్పుడే వచ్చి డబ్బా తెరుస్తున్న ఆత్మారాం అటే చూశాడు.

"వాడు వీడు అనకు సురేందరన్నా. రాజలింగన్న ఆయన. జానకంపేట రైలు గేటు మీద సర్వీసంత చేసిండు. బండి కనవడితె పచ్చ జెండా చూపకుంట ఉండలేడు. గిది బొమ్మ బండి అని ఎరికే, అయినా చెయ్యి ఆగదంటడు."

"మరి రెండు చేతులు లేపుడేంది?" అంది లత.

"ఎర్ర జెండా లేనప్పుడు గేటోళ్లు బండి ఆపేది గట్లనే అక్కా."

"ఏడున్నడు?"

"వస్తుంటె కలిసిండు. ఊరికి పోతనని మూల మీద మోర్తాడ్ బస్సుకు నిలవడ్డడు. బిడ్డ ఇల్లు ఈ వాడలనే, గాని దొంగ అన్న తాన ఇగ ఉండనన్నడు."

లత తువ్వాలు తీసుకుని పరుగెత్తింది. మూల తిరిగేసరికి బస్సు కదిలింది. నడిరోడ్డున నిలబడి రెండు చేతులూ తల పైకెత్తింది. బస్సు ఆమెను తప్పించుకుని ఆర్మూర్ రోడ్డెక్కింది.

సురేందర్ ఆయాసపడుతూ వచ్చి, అలవాటుగా మొదలుపెట్టాడు. "తప్పు నాదే లతా. బండి బంద్ చేసి పోవాల్సింది."

"కాదు," అంది లత, చేతులు ఇంకా దించకుండానే. "తప్పు నాది. ఆయన బండి ఆపుమని చేతులెత్తిండు, నేను తలుపు పెట్టుకున్న."